కెపాసిటర్‌లో సగం శక్తి: పోయేది ఎక్కడికి, వచ్చేది ఎంత వేగంగా

లాప్‌టాప్ చార్జర్‌ను గోడ మీది సాకెట్ నుంచి పీకేసినా దాని మీదున్న చిన్న దీపం వెంటనే ఆరిపోదు. కొన్నిట్లో నాలుగైదు సెకన్లు, కొన్నిట్లో పది పదిహేను సెకన్లు వెలుగుతూ ఉండి, ఆ తర్వాత సన్నగిల్లి ఆరిపోతుంది. గోడ నుంచి కరెంటు రావడం లేదు, చార్జర్‌లో బ్యాటరీ లేదు. ఆ కాసేపు దీపాన్ని నిలబెట్టింది పెట్టె లోపల బొటనవేలంత ఉండే ఒక కెపాసిటర్. ఇళ్లకు వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటు నిజానికి ప్రతి ఆవర్తనంలోనూ 325 వోల్టుల శిఖరాన్ని తాకి వస్తుంది. చార్జర్‌లోని డయోడ్లు ఆ కరెంటును ఒకే దిశకు మళ్లించినప్పుడు కెపాసిటర్ ఆ శిఖరం దాకా నిండుతుంది. దాని కెపాసిటెన్స్, అంటే ఒక్కో వోల్టుకు ఎంత ఆవేశం పడుతుందో చెప్పే కొలత, 100 మైక్రోఫారడ్లు అనుకుంటే అందులో ఉండే శక్తి సుమారు 5.3 జౌళ్లు. లీటరు నీళ్ల సీసాను నేల మీద నుంచి అర మీటరు పైకి ఎత్తడానికి ఇంచుమించు అంతే పడుతుంది.

ఈ 5.3 జౌళ్లను లాప్‌టాప్ 65 వాట్ల చొప్పున లాగుతుంటే సెకనులో పన్నెండో వంతులో అయిపోతాయి. ఏ పరికరమూ తగిలించకుండా, తన లోపలి పనికీ దీపానికీ కలిపి చార్జర్ 0.3 వాట్లు మాత్రమే వాడుకుంటూ ఉంటే అవే జౌళ్లు పదిహేను సెకన్ల దాకా సరిపోతాయి. నిల్వ ఒక్కటే, అది తీరిపోయే కాలంలో మాత్రం రెండు వందల రెట్ల తేడా. కెపాసిటర్‌ను అర్థం చేసుకోవడానికి పట్టుకోవలసిన కొస ఇదే. ఎంత దాగుతుందన్నది కెపాసిటర్ పరిమాణం, వోల్టేజి కలిసి తేలుస్తాయి. ఎంత సేపట్లో బయటికి వస్తుందన్నది దాని ఎదురుగా ఉన్న దారి తేలుస్తుంది. పరీక్షల చదువులో మొదటిదాని సూత్రం కంఠస్థమవుతుంది, రెండోది వెనకబడిపోతుంది. కెపాసిటర్ ఉపయోగమూ ప్రమాదమూ రెండోదానిలోనే ఉన్నాయి.

నిర్మాణం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఒకదానికొకటి తగలకుండా దగ్గర దగ్గరగా ఉంచిన రెండు లోహపు పలకలు, వాటి నడుమ కరెంటును పోనివ్వని ఒక పొర. ఆ పొరను పాఠ్యపుస్తకాలు రోధకం అంటాయి. బ్యాటరీ తగిలించగానే ఒక పలక నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి, తీగ వెంట చుట్టూ తిరిగి, రెండో పలక మీదికి చేరతాయి. నడిమి పొరను అవి దాటవు. అందువల్ల కెపాసిటర్ ఆవేశాన్ని నిల్వ చేస్తుందని అనడంలో కొంచెం పొరపాటు ఉంది. ఒక పలక మీద ఎంత పెరిగిందో రెండో పలక మీద అంతే తగ్గింది, రెండూ కూడితే సున్నా. కలిసిపోవాలని ఒకదాన్నొకటి లాగుతున్న ఆవేశాలను ఎడంగా ఉంచడానికి బ్యాటరీ పని చేసింది. ఆ పని పలకల మధ్య విద్యుత్ క్షేత్రంగా మిగిలి ఉంటుంది. నిల్వ అంటే అదే.

ఈ సంగతి మనుషులకు మొదట తెలిసింది ఒంటికి దెబ్బ తగిలిన తర్వాతే. 1745లో బాల్టిక్ సముద్ర తీరంలోని పొమెరేనియా ప్రాంతంలో ఎవాల్డ్ ఫాన్ క్లైస్ట్‌కూ, ఆ వెంటనే నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో పీటర్ ఫాన్ ముస్చెన్‌బ్రూక్‌కూ విడివిడిగా ఇది అనుభవంలోకి వచ్చింది. గాజు సీసాలో నీళ్లు, అందులోకి దిగిన లోహపు తీగ, సీసాను పట్టుకున్న అరచెయ్యి. నీళ్లు ఒక పలక, అరచెయ్యి రెండో పలక, మధ్యలో గాజు రోధకం. ఆ అమరికను కెపాసిటర్ అని ఎవరూ అనుకోలేదు, విద్యుత్తును ద్రవంలా సీసాలో పట్టి ఉంచాలన్నదే ఉద్దేశం. ఖాళీగా ఉన్న చేత్తో తీగను తాకేసరికి ఒళ్లంతా అదిరిపోయింది. ఫ్రాన్స్ రాజ్యమంతా ఇస్తామన్నా మళ్లీ అలాంటి దెబ్బ తినబోనని ముస్చెన్‌బ్రూక్ ఉత్తరంలో రాశాడు. 1746లో ఫ్రాన్స్‌లో అబ్బే నోలే అనే భౌతిక శాస్త్రవేత్త రాజు సమక్షంలో 180 మంది సైనికులను చేతులు కలిపి నిలబెట్టి లైడెన్ సీసాను వారి గుండా డిశ్చార్జి చేస్తే అందరూ ఒక్కసారిగా ఎగిరిపడ్డారు.

అర లీటరు లైడెన్ సీసా కెపాసిటెన్స్ ఇప్పటి లెక్కలో సుమారు 1 నానోఫారడ్, అంటే చార్జర్‌లోని కెపాసిటర్‌లో లక్షో వంతు. దాన్ని రాపిడి యంత్రంతో 30,000 వోల్టుల దాకా నింపినా అందులో ఉండేది అర జౌల్ లోపే. వంద గ్రాముల జామకాయ అర మీటరు ఎత్తు నుంచి అరచేతిలో పడితే వచ్చే శక్తి అంతే. జామకాయ పడితే చెయ్యి అదరదు. అదే అర జౌల్ కనురెప్ప పాటులో వెయ్యో వంతు కూడా పట్టకుండా నరాల గుండా పోతే మనిషి కూలబడతాడు.

ఇప్పుడు బల్ల మీద పెట్టి చూడగలిగే ఒక చిన్న సర్క్యూట్‌ను తీసుకోవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ, 10 కిలో ఓముల నిరోధకం (రెసిస్టర్), 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, ఒక మల్టీమీటర్. మూడింటినీ వరసగా కలిపితే కెపాసిటర్ కొసల మధ్య వోల్టేజి సున్నా నుంచి ఎక్కడం మొదలవుతుంది. మొదట్లో మీటరు మీది అంకెలు పరుగెత్తుతాయి, పోను పోను మందగిస్తాయి. 10 సెకన్లకు 5.7 వోల్టులు, 20 సెకన్లకు 7.8, 30 సెకన్లకు 8.55. నిమిషం దగ్గర పడేసరికి రెండో దశాంశ స్థానంలో మాత్రమే కదలిక కనిపిస్తుంది.

పూర్తిగా నిండిన ఈ కెపాసిటర్‌లో శక్తి ఎంత? బ్యాటరీ నుంచి వచ్చిన ఆవేశం 9 మిల్లీకూలుంబులు. దాన్ని 9 వోల్టులతో గుణిస్తే 81 మిల్లీజౌళ్లు. సూత్రం మాత్రం కెపాసిటెన్స్‌ను వోల్టేజి వర్గంతో గుణించి అందులో సగమే తీసుకోమంటుంది, అంటే 40.5 మిల్లీజౌళ్లు. ఈ సగం ఎక్కడి నుంచి వచ్చిందో మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాలు పేర్చే హమాలీని చూస్తే తెలుస్తుంది. మొదటి బస్తా నేల మీదే పడుతుంది, దానికి ఎత్తే పని లేదు. చివరి బస్తాను తల మీదుగా పైవరసకు ఎక్కించాలి. వరస మొత్తానికి లెక్క కడితే ఒక్కో బస్తాను సగటున సగం ఎత్తుకు ఎత్తినట్టు అవుతుంది. కెపాసిటర్‌లోకి వెళ్లిన మొదటి ఆవేశానికి ఎదురైన వోల్టేజి సున్నా, చివరిదానికి ఎదురైంది 9. సగటు నాలుగున్నర.

మరి బ్యాటరీ 81 ఇచ్చింది, కెపాసిటర్‌కు చేరింది 40.5. మిగిలిన 40.5 నిరోధకంలో వేడిగా పోయింది. కెపాసిటర్ పాఠంలో ఇంతకన్నా ఆశ్చర్యపడవలసిన విషయం మరొకటి లేదు. నష్టం తగ్గించడానికి నిరోధకాన్ని 10 కిలో ఓముల నుంచి 10 ఓములకు మార్చినా పోయేది అంతే. నిరోధం ఎక్కువైతే కొద్దిపాటి కరెంటు చాలాసేపు ప్రవహిస్తుంది, తక్కువైతే పెద్ద కరెంటు కాసేపే ప్రవహిస్తుంది. ఎటు చూసినా వేడి కూడిక మారదు. నిరోధకాన్ని అసలు తీసేసి వట్టి తీగతో కలిపితే ఆ సగం తీగలోనూ, బ్యాటరీ లోపలా, కలిపే చోట వచ్చే నిప్పురవ్వలోనూ పోతుంది. స్థిరమైన వోల్టేజి ఉన్న మూలం నుంచి ఖాళీ కెపాసిటర్‌ను నేరుగా నింపినంత కాలం ఈ సుంకం కట్టక తప్పదు.

తప్పించుకునే దారి లేకపోలేదు. ముందు 4.5 వోల్టుల మూలంతో నింపి, ఆ తర్వాత 9 వోల్టులకు మారిస్తే నష్టం 20 మిల్లీజౌళ్లకు దిగుతుంది. మెట్లు ఎన్ని పెంచితే నష్టం అన్నో వంతుకు తగ్గుతుంది. ఎందుకంటే కాలుతున్నది మూలానికీ కెపాసిటర్‌కూ మధ్య ఉన్న వోల్టేజి తేడా, ఆ తేడాను చిన్నదిగా ఉంచితే వేడీ చిన్నదవుతుంది. నిరోధకం స్థానంలో తీగచుట్టను పెట్టి, కరెంటును కొద్దికొద్దిగా తెరుస్తూ మూస్తూ పంపడం మరో పద్ధతి. ఈనాటి చార్జర్లన్నీ అరచేతిలో పట్టేంత చిన్నవిగా, అంతగా వేడెక్కకుండా పని చేయడానికి మూలం ఈ పద్ధతే.

చేతిలోని ఫోను వేడెక్కడం వెనక కూడా ఇదే సగం లెక్క ఉంది. చిప్‌లోని ప్రతి ట్రాన్సిస్టర్ గేటూ ఒక అతి చిన్న కెపాసిటర్. సున్నా ఒకటిగా మారినప్పుడు అది నిండుతుంది, ఒకటి సున్నా అయినప్పుడు ఖాళీ అవుతుంది. నిండేటప్పుడు సగం, ఖాళీ అయ్యేటప్పుడు మిగతా సగం వేడిగా మారుతుంది. ఒక్కో గేటులో అది లెక్కకు రానంత తక్కువే. కోట్ల కొద్దీ గేట్లు సెకనుకు కోట్ల సార్లు ఈ పని చేస్తుంటే జేబు వెచ్చబడుతుంది. శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టే చిప్‌ల తయారీదారులు ఒకప్పటి 5 వోల్టులను 1 వోల్టు దరిదాపులకు దించుకుంటూ వచ్చారు. అయిదో వంతుకు దిగిన వోల్టేజి వేడిని ఇరవై అయిదో వంతుకు దించుతుంది.

మళ్లీ బల్ల దగ్గరికి వస్తే, నిండిన కెపాసిటర్ నుంచి బ్యాటరీని తీసేసి, 10 కిలో ఓముల నిరోధకాన్ని దాని రెండు కాళ్ల మధ్య పెట్టాలి. 9 వోల్టులు దిగడం మొదలవుతాయి. మొదటి సెకనులో ఉన్నదాంట్లో దాదాపు 9.5 శాతం పోతుంది. రెండో సెకనులో మిగిలినదాంట్లో 9.5 శాతం, మూడో సెకనులో ఆ మిగిలినదాంట్లో మళ్లీ అంతే శాతం. చక్రవడ్డీని తిరగేసినట్టు ఉంటుంది ఈ తరుగుదల. కారణం తేలికైనది. కరెంటును తోసేది మిగిలి ఉన్న వోల్టేజి, కరెంటు పోయినకొద్దీ ఆ వోల్టేజి తగ్గుతుంది, తోపు తగ్గితే కరెంటు తగ్గుతుంది.

దీన్ని చెప్పడానికి తొట్టి అడుగున బెజ్జం ఉన్న ఉపమానం వాడుతుంటారు. పోలిక సగం దాకా బాగానే ఉంటుంది. నీటి మట్టం దిగినకొద్దీ ధార సన్నబడుతుంది, నిజమే. కాని బెజ్జం నుంచి వచ్చే నీటి వేగం మట్టం వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి తొట్టి ఒక నిర్ణీత సమయానికి పూర్తిగా ఖాళీ అవుతుంది. కెపాసిటర్‌కు గణితంలో అలాంటి సమయం లేదు. అందుకే దానికి కాల స్థిరాంకం అనే కొలత పెట్టుకున్నారు. నిరోధాన్ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే వచ్చేది అది. ఈ సర్క్యూట్‌లో సరిగ్గా 10 సెకన్లు. ఒక కాల స్థిరాంకం గడిచేసరికి వోల్టేజి 36.8 శాతానికి, అంటే 3.3 వోల్టులకు దిగుతుంది. అయిదు గడిస్తే ఒక శాతం లోపుకు చేరుతుంది. ఆచరణలో దాన్నే ఖాళీ అయినట్టు లెక్క.

వోల్టేజి దిగే వేగం, శక్తి దిగే వేగం ఒకటి కావు. ఏడు సెకన్లకు వోల్టేజి సగమై 4.5 దగ్గర ఉంటుంది. అప్పటికి శక్తిలో మూడు వంతులు వెళ్లిపోయి పావు వంతే మిగులుతుంది. శక్తి సగం కావడానికి మూడున్నర సెకన్లు చాలు. మీటరు మీద సగం కనిపిస్తోంది కదా అని ఇంకా సగం పని జరుగుతుందని ఆశపడితే లెక్క తప్పుతుంది.

నిరోధకం ఒక్కటే కాకుండా దానితో పాటు ఎర్రటి ఎల్ఈడీ కూడా పెడితే దీపం మొదట ప్రకాశంగా వెలిగి, క్రమంగా మసకబారి, 1.8 వోల్టుల దరిదాపుల్లో ఆరిపోతుంది. అప్పటికి కెపాసిటర్ ఖాళీ కాలేదు, ఆ దీపాన్ని వెలిగించే తోపు మాత్రం దానిలో లేదు. చార్జర్ మీది దీపం ఇలా మొదటి నుంచీ మసకబారదు. చార్జర్ లోపలి సర్క్యూట్ కెపాసిటర్ వోల్టేజి దిగుతున్నా దీపానికి ఇచ్చే వోల్టేజిని నిలకడగా ఉంచుతుంది, ఇక నెట్టుకు రాలేనప్పుడు వదిలేస్తుంది. కాబట్టే అది చాలాసేపు ఒకే తీరున వెలిగి చివర్లో గబుక్కున సన్నగిల్లుతుంది. బయటి నుంచి ఆ వెలుగును చూస్తే లోపల ఉన్నది వట్టి నిరోధకమో, నియంత్రణ ఉన్న సర్క్యూటో పోల్చుకోవచ్చు.

విడుదల వేగమే ఆయుధంగా ఉన్న పరికరాలు కొన్ని ఉన్నాయి. పాత కెమెరా ఫ్లాష్‌లో పెన్సిల్ బ్యాటరీలు కొన్ని సెకన్ల పాటు సన్నగా కూత పెడుతూ 120 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 330 వోల్టుల దాకా ఎక్కిస్తాయి. అందులో చేరేది ఆరున్నర జౌళ్లే. అవి వెయ్యో వంతు సెకనులో జెనాన్ గొట్టం గుండా పోతే ఆ క్షణానికి ఆరు కిలోవాట్లకు పైబడిన వెలుగు దిమ్మరిస్తుంది. అదే బ్యాటరీలను నేరుగా ఆ గొట్టానికి తగిలిస్తే చిన్న మెరుపు కూడా రాదు. గుండె లయ తప్పినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్ ఇదే పనిని ప్రాణం నిలపడానికి చేస్తుంది. 200 జౌళ్ల చుట్టుపక్కల శక్తిని కెపాసిటర్‌లో నింపడానికి కొన్ని సెకన్లు తీసుకుని, ఛాతీ గుండా సెకనులో వందో వంతు సమయంలో పంపుతుంది. ఇరవై కిలోల బియ్యం బస్తాను మీటరు ఎత్తు లేపినంత శక్తి అది. కండరాలన్నీ ఒకేసారి స్పందించాలంటే అది ఒకేసారి రావాలి, నింపాదిగా ఇస్తే ఆ చికిత్స జరగదు.

బరువుకు తగ్గ నిల్వ విషయంలో మాత్రం కెపాసిటర్ బ్యాటరీకి పోటీ కాదు. సూపర్ కెపాసిటర్లలో యాక్టివేటెడ్ కార్బన్ వాడతారు. దాని ఒక గ్రాము ఉపరితలం వెయ్యి చదరపు మీటర్లకు మించి ఉంటుంది, ఆవేశాల మధ్య దూరం నానోమీటరు స్థాయికి తగ్గిపోతుంది. అందువల్ల 3000 ఫారడ్లు సాధ్యమయ్యాయి. 2.7 వోల్టుల దగ్గర అందులో పట్టేది సుమారు 10,900 జౌళ్లు. అర కిలో బరువుండే ఆ డబ్బాలోని శక్తి, పాతిక గ్రాములు కూడా తూగని ఒక ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లో ఉన్నంతే. కాని ఆ డబ్బా సెకన్లలో నిండుతుంది, లక్షల సార్లు నిండి ఖాళీ అయినా నిలుస్తుంది. షాంఘైలో 2006లో మొదలైన సూపర్ కెపాసిటర్ బస్సులు ఈ గుణాన్నే నమ్ముకున్నాయి. ప్రయాణికులు ఎక్కి దిగే వ్యవధిలో స్టాపు దగ్గరే చార్జి ఎక్కించుకుని తర్వాతి స్టాపుల దాకా నడిచాయి.

ఇంట్లో అందరికీ తెలిసిన కెపాసిటర్ ఫ్యానులోది. దాన్ని ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ కండెన్సర్ అనే అంటారు. 1782లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా వాడుకలోకి తెచ్చిన ఆ పాత మాట పుస్తకాల్లో పోయినా కొట్లలో బతికి ఉంది. సీలింగ్ ఫ్యానుకు ఉండే 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ సెకనుకు వంద సార్లు నిండి, వంద సార్లు ఖాళీ అవుతుంది. రెండు చుట్టల్లోని కరెంట్ల మధ్య కాలంలో తేడా తెచ్చి, తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించడం దాని పని. ఏళ్లు గడిచి దాని కెపాసిటెన్స్ పడిపోతే రెగ్యులేటర్ ఎంత తిప్పినా ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంది. స్విచ్ ఆపాక అందులో మిగిలిన చార్జి ఫ్యాను చుట్టల గుండానే పోతుంది, చుట్టల నిరోధం కొన్ని వందల ఓములే కాబట్టి అందుకు క్షణం కూడా పట్టదు. అయితే చుట్ట తెగిపోయిన ఫ్యానులో ఆ దారి ఉండదు. మరమ్మతుకు వచ్చేవి తరచుగా అలాంటివే కదా. చెడిపోయిన ఫ్యాను కెపాసిటర్‌ను నడుస్తున్న ఫ్యాను కెపాసిటర్ కన్నా ఎక్కువగా అనుమానించాలి.

చార్జర్, మైక్రోవేవ్ ఓవెన్, ఇన్వర్టర్ వంటివాటిలో పరిస్థితి ఇంకా గట్టిది. మైక్రోవేవ్‌లో కెపాసిటర్ రెండు వేల వోల్టులకు పైన ఉంటుంది, లోపల చెయ్యి పెట్టడం శిక్షణ ఉన్నవారి పని. రిపేరు బల్లల దగ్గర స్క్రూడ్రైవర్‌ను రెండు కాళ్లకు అడ్డంగా పెట్టి టప్‌మనిపించే అలవాటు ఉంది. 325 వోల్టుల 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు ఆ ఇనుము ఒక ఓము కన్నా తక్కువ నిరోధం. కరెంటు వందల ఆంపియర్లకు లేచి, స్క్రూడ్రైవర్ మొన మీద గుంట పడి, కరిగిన లోహం చిందుతుంది, కెపాసిటర్ లోపలి అతుకులూ దెబ్బతింటాయి. దానికి బదులు 10 కిలో ఓముల, 5 వాట్ల నిరోధకాన్ని ఇన్సులేషన్ ఉన్న పటకారుతో పట్టి పెడితే కాల స్థిరాంకం ఒక సెకను. కరెంటు 33 మిల్లీ ఆంపియర్లు దాటదు, అయిదారు సెకన్లలో వోల్టేజి రెండుకు దిగుతుంది. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును హోల్డర్‌తో సహా వాడేవారూ ఉన్నారు, బల్బు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోతుంది. ఆ తళుకు రాకపోతే ఖాళీగా ఉందని కాని, బల్బు మాడిపోయిందని కాని అర్థం. అందుకే మీటరు పెట్టి చూడాలి.

మీటరు ఒకసారి పెడితే సరిపోదు. సున్నా చూపించిన కెపాసిటర్ నిమిషం తర్వాత మళ్లీ కొన్ని వోల్టులు చూపించడం మామూలే. రోధకం లోపల నెమ్మదిగా సర్దుకున్న ఆవేశాలు కొన్ని పలకలు ఖాళీ అయినంత వేగంగా వెనక్కి రాలేవు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా తేరుకుని వోల్టేజిని తిరిగి లేపుతాయి. పెద్ద హై వోల్టేజి కెపాసిటర్లను గోదాములో ఉంచేటప్పుడు రెండు కాళ్లనూ తీగతో కలిపి ముడివేసి ఉంచేది అందుకే. నిరోధకాన్ని పటకారుతో తీసేయకుండా, పని ముగిసే దాకా కాళ్ల మీదే అతికించి ఉంచడం అనుభవం ఉన్న మెకానిక్‌లు చేసే పని.